తలుపు పక్క మొదటి బల్ల

జనవరి 8

అత్తా,

ముందు నీ కాలు ఎలా ఉందని అడగాలి. అడిగాను. ఇప్పుడు నా గోడు విను.

నీ రెండో తరగతి నా చేతికొచ్చి మూడు రోజులైంది. ముప్పై ఒక్కమంది. నువ్వు మెట్ల మీద జారిపడి ఆసుపత్రిలో చేరాక వారం పాటు వాళ్ళకి టీచరు లేదు. పక్క గది టీచరు మధ్య తలుపు తీసి అప్పుడప్పుడూ ఒక కేక వేసి వెళ్ళేదట. ఆ వారంలో వాళ్ళు నేర్చుకున్నదంతా ఇప్పుడు నేను మరిపించాలి. మొదటి రోజు గదిలో అడుగు పెట్టగానే, "మీరు మా టీచరుకి ఏమవుతారు?" అని ఒకర్తి అడిగింది. మేనకోడల్ని అన్నాను. "మీరూ పడిపోతారా?" అంది.

హెడ్మాస్టరు గారు పిలిచి, ఈ చివరి టర్ము నా పని చూసి వచ్చే ఏడు ఉంచుకునేదీ లేనిదీ చెబుతానన్నారు. అప్పటినుంచీ ఆయన వరండాలో నడిస్తే చాలు, నా చేతిలో సుద్దముక్క విరుగుతోంది. నిన్న తడి దూదిలో బఠాణీలు నాటించాను. రోజూ చూసి మొలక ఎంత పెరిగిందో పుస్తకంలో గీయాలి. ఒకర్తి తన బఠాణీ నాటకుండా తినేసింది. దానికింకోటిచ్చాను, అదీ తినబోయింది.

ఇద్దరు పిల్లల సంగతి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. తలుపు పక్క మొదటి బల్ల పిల్ల ఒకటి, కిటికీ పక్క చివరి బల్ల పిల్ల ఒకటి. ఇద్దరూ పిలిస్తే పలకరు. మిగతా ఇరవై తొమ్మిది మందినీ ఎలాగో ఒక దారిలో పెట్టగలననిపిస్తుంది గానీ, వీళ్ళిద్దరి దగ్గరా గొంతు పోతోంది. వీళ్ళతో ఎలా వేగాలో తొందరగా రాయి. నేను తప్పు చేసేలోపు రాయి.

నీ మేనకోడలు

(కాగితం వెనక)

చెప్పడం మరిచాను. ఒకరి తల వెనక ఒకరు దాక్కుంటున్నారని పిల్లల్ని ఎత్తుల ప్రకారం మార్చి కూర్చోబెట్టాను. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఎవరెక్కడున్నారో కింద బొమ్మ గీసి పేర్లు రాశాను. నేను చెప్పే బల్లలన్నీ ఈ బొమ్మ ప్రకారమే.


జనవరి 15

కంగారమ్మా,

మాటలు నావి, రాత నర్సమ్మది. కాలికి ఇసక సంచులు కట్టి పైకి వేలాడదీశారు. వెల్లకిలా పడుకుని పైకప్పు చూడటం ప్రస్తుతం నా ఉద్యోగం. కళ్ళజోడు నాతో పాటే మెట్ల మీద పడి, నాకంటే ఎక్కువ ముక్కలైంది. అందుకని నీ ఉత్తరం కూడా నర్సమ్మే చదివింది, మొదటి అక్షరం నుంచి "నీ మేనకోడలు" అన్నదాకా. చదివి, మడిచి, నా దిండు కింద పెట్టింది. ఈ వార్డులో ఎనిమిది మంచాలు. ఎనిమిది మంచాలూ విన్నాయి. బఠాణీ తిన్న పిల్ల ఎలా ఉందని పక్క మంచం ఆవిడ పొద్దున్నే అడిగింది.

అందుకే పిల్లల పేర్లు రాయకు. వాళ్ళ ఇంటి సంగతులూ ఒంటి సంగతులూ ఎనిమిది మంచాలకు పంచిపెట్టకూడదు. బల్లల లెక్కన రాశావు, ఆ పద్ధతి బాగుంది. ఆ గది నాకు కళ్ళు మూసుకున్నా కనబడుతుంది.

ఇక నీ ఇద్దరి సంగతి. తలుపు పక్క మొదటి బల్ల పిల్లకి ఏది చెప్పినా దగ్గరికి వెళ్ళి, ముఖంలో ముఖం పెట్టి, నిదానంగా చెప్పు. రెండుసార్లు చెప్పు. ఎందుకని అడక్కు. వాళ్ళమ్మకి మాటిచ్చాను, ఇంకొకరి చేత రాయించే సంగతి కాదు. ఆ పిల్లని ఆ చోటు నుంచి మాత్రం కదపకు.

కిటికీ పక్క చివరి బల్లది జగమొండి. దానికి అన్నీ వినబడతాయి, పలకదంతే. ఒకసారే చెప్పు. రెండోసారి చెప్పావో, ఇక నిన్ను ఆడించేస్తుంది. పలికేదాకా నిలబెట్టు. మొక్కై వంగనిది మానై వంగునా.

అన్నం వేళకి తిను. నీకు కంగారులో ఆకలి తెలియదని మీ నాన్న చెబుతుంటాడు.

అత్త


ఫిబ్రవరి 2

అత్తా,

నువ్వు చెప్పినట్టే చేశాను. తలుపు పక్క పిల్ల మారిపోయింది. దాని బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం చూస్తూ రెండేసిసార్లు చెబుతున్నాను. మొదట్లో నా వంక అనుమానంగా చూసేది. ఇప్పుడు నేను వచ్చేలోపే పుస్తకం తెరిచి కూర్చుంటోంది.

పోయిన వారం గది పొడవు జానలతో కొలిపించాను. ఒకరికి అరవై వచ్చింది, ఒకరికి డెబ్బై నాలుగు. నాది సరైనదంటే నాదని జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. ఎందుకిలా వచ్చిందని అడిగితే ఎవరూ చెప్పలేదు. తలుపు పక్క పిల్ల లేచి, "అందరం ఒక్కరి చేత్తోనే కొలవాలి టీచర్, మీ చేతిని తలా ఒకటి చేసివ్వండి" అంది. నా చెయ్యి అట్టముక్క మీద గీసి ముప్పై ఒకటి కత్తిరించాను. వేళ్ళు బొబ్బలెక్కాయి గానీ ఆ రోజు నేనూ టీచర్నే అనిపించింది.

కిటికీ పక్క పిల్ల దగ్గర ఆ ధైర్యమంతా పోతోంది. పది మాటలు చెప్పి రాయిస్తే ఒక్కటి సరిగ్గా రాసింది. అదే బోర్డు మీద రాసిస్తే ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా రాస్తుంది. నువ్వన్నట్టు ఒకసారే చెబుతున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. దాని పక్కన కిటికీ, కిటికీ అవతల రంపం మిల్లు, ఆ రొదలో అరిచి అరిచి సాయంత్రానికి నాకు మాట రావడం లేదు. మొన్న ఒక పీరియడంతా నిలబెట్టాను. ఏడవలేదు. నా నోటి వంకే చూస్తూ నిలబడింది. ఎగతాళి చేస్తోందా అని ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళాక, అది ఎగతాళి కాదేమోనని దిగులు పట్టుకుంది.

మొలకలు జానెడయ్యాయి. తినేసిన పిల్ల క్షేమం, పక్క మంచం ఆవిడకి చెప్పు.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 9

కోడలా,

తలుపు పక్క పిల్ల లేచి నిలబడి జవాబు చెప్పిందన్న వాక్యం నర్సమ్మ చేత మూడుసార్లు చదివించుకున్నాను. మూడోసారి నర్సమ్మకి విసుగొచ్చింది. నాకు మాత్రం కాలు నొప్పి కాసేపు తెలియలేదు. ఆ పిల్ల తరగతిలో నోరు విప్పడం ఏడు నెలల్లో నేను చూడలేదు. నువ్వు నాకంటే మంచి టీచరువి అవుతావు. ఈ ముక్క రాయనని నర్సమ్మ అంది. రాయించాను.

కిటికీ పక్కదాని చూపులకి బెదరకు. అది నోటి వంక చూడటం నిన్ను అనుకరించడానికి. ఇంటికెళ్ళి నీలాగే మాట్లాడి చూపిస్తుంది, నాకు తెలుసు. చూసి రాయగలిగిన పిల్ల చెబితే రాయదంటే మొండితనం కాక ఇంకేమిటి? నువ్వు మెత్తబడితే నెల రోజుల పని గంగలో కలుస్తుంది. పట్టు విడవకు.

అత్త


ఫిబ్రవరి 27

అత్తా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించాను.

సోమవారం పిల్లల్ని ఇంటి నుంచి బడికి వచ్చే దారి బొమ్మ గీయమన్నాను. మలుపులు, కొట్లు, స్తంభాలు, కుక్కలు, ఏది గుర్తుంటే అది. ఒకర్తి దారి పొడవునా తనని కరిచిన దోమల్ని కూడా గీసింది. కిటికీ పక్క పిల్ల పక్కదాని కాగితం చూసి, దాని దారే గీసింది, దాని ఇంటితో సహా. నీ ఇల్లు ఇదేనా అని అడిగాను. పలకలేదు. మళ్ళీ అడగలేదు, నువ్వు వద్దన్నావుగా. కాపీ కొట్టావని అందరి ముందూ కాగితం చింపాను. నా చేతులే ఆ పని చేశాయంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

వాళ్ళింటికి చీటీ పంపాను. వాళ్ళమ్మ రాలేదు. "గట్టిగా మందలించాను, ఇకపై శ్రద్ధగా ఉంటుంది" అని రాసి సంతకం పెట్టి పంపింది. మర్నాడు ఆ పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే ఏడు కూడా రెండో తరగతిలోనే ఉంచాల్సిన పిల్లల జాబితా మార్చి పదో తారీఖుకల్లా ఇమ్మని హెడ్మాస్టరు గారు అన్నారు. మార్కులు చూస్తే ఆ పిల్ల పేరొక్కటే రాయాలి. ఆయన మార్కుల పుస్తకం తిరగేసి, "ఈ పిల్ల పోయిన టర్ము పరవాలేదే" అన్నారు. మొండితనమని మా అత్తే రాసిందన్నాను. "మీ మేనత్త అందంటే ఇక తిరుగులేదు" అని పుస్తకం మూసేశారు.

ఆయన మూశారు గానీ నాకు మూతపడటం లేదు. ఏడేళ్ళ పిల్ల జీవితంలోంచి ఒక ఏడాది నా చేత్తో తీసెయ్యాలి. రాయనా? నిజంగా రాయనా? ఒక్క ముక్క చెప్పు. నువ్వు వద్దంటే నా ఉద్యోగం ఏమైనా సరే, రాయను.

నీ మేనకోడలు


మార్చి 5

కోడలా,

రాయి.

జాలి పడితే పిల్లలు బాగుపడరు. దాని తోటివాళ్ళు మూడుకి వెళ్ళిపోయి తానొక్కతే మిగిలితే అప్పుడు తెలిసొస్తుంది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనడం లేదు, ముప్పై ఏళ్ళుగా ఇలాంటి వాళ్ళని చూస్తున్నాను. కాగితం చింపడం మాత్రం తప్పు. ఇంకెప్పుడూ చెయ్యకు.

ఎల్లుండి ఇసక సంచులు తీసి కూర్చోబెడతారట. కొత్త కళ్ళజోడూ వచ్చింది. నీ ఉత్తరాలు ఇకనుంచి నేనే చదువుకుంటాను. పాతవి కూడా మళ్ళీ చదవాలి, నర్సమ్మ నీ హాస్యాలన్నీ ఏడుపు గొంతుతో చదివేసింది.

అత్త


మార్చి 9

కోడలా,

ఇది నా చేతిరాతే.

నీ మొదటి ఉత్తరం వెనక వైపు ఇవాళ చూశాను. రెండు నెలలుగా నా దిండు కిందే ఉంది. ఎవరూ తిప్పి చూడలేదు.

నేను తలుపు పక్క మొదటి బల్ల అన్నది నేను కూర్చోబెట్టిన పిల్ల గురించి. ఇప్పుడు నీ బొమ్మలో అది కిటికీ పక్క చివరి బల్ల మీద ఉంది. జగమొండి అన్నది తలుపు పక్కకి వచ్చింది. ఇద్దరి చోట్లూ తారుమారయ్యాయి. నేనొకదాని గురించి చెబితే నువ్వు రెండోదానికి చేశావు.

ఆ పొడుగు పిల్లకి ఎడమ చెవి బొత్తిగా వినబడదు. కుడి చెవి సగం. ఎడమవైపు గోడ ఉండేలా, కుడి చెవి నావైపు ఉండేలా తలుపు పక్క పెట్టాను. ఇప్పుడు దాని మంచి చెవి పక్కన రంపం మిల్లు. నోటి వంక చూసింది మాట పట్టుకోవడానికి.

జాబితాలో పేరు రాయకు. రాసి ఉంటే హెడ్మాస్టరు దగ్గరికి పరుగెత్తు. స్కూలుకి ఫోనన్నా లేకపోయె. ఇది ఇవాళే తపాలాలో వెయ్యమని అటెండరు కాళ్ళా వేళ్ళా పడ్డాను.

అత్త


మార్చి 14

అత్తా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. జాబితా పదో తారీఖునే ఇచ్చేశాను. చక్కటి దస్తూరీతో రాశాను.

వరండాలో నిలబడి చదివాను. లోపలికెళ్ళి ఆ పిల్ల కుడివైపు కూర్చుని, కిటికీ మూసి, పేరు పెట్టి పిలిచాను. వెంటనే "ఆ, టీచర్" అంది. రెండు నెలల్లో నేను విన్న మొదటి మాట అది. పిల్లలందరూ చూస్తున్నా నాకు ఏడుపు ఆగలేదు. మొలకల లెక్క తప్పిందని టీచరు ఏడుస్తోందని ఒకర్తి మిగతావాళ్ళకి చెప్పింది.

నువ్వు కూర్చోబెట్టిన పాత చోటుకి మార్చాను. సాయంత్రం పది మాటలు చెప్పి రాయించాను. ఎనిమిది సరిగ్గా రాసింది.

హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. జాబితా ఆఫీసుకి వెళ్ళిపోయిందన్నారు. పేరు తీయించాలంటే పొరపాటు నాదేనని నేను రాసివ్వాలి, పక్క గది టీచరు ఇరవై ఐదున ఆ పిల్లకి మళ్ళీ పరీక్ష పెట్టాలి. "ఇలా రాసిస్తే వచ్చే ఏడు మీ సంగతి నేనేమీ చెప్పలేనమ్మా" అన్నారు. రాసిచ్చాను.

నీ మీద కోపం వచ్చింది అత్తా. ఎందుకో ఒక్క ముక్క చెప్పి ఉంటే మొదటి రోజే తెలిసిపోయేది. కానీ చూసి రాసే, వింటే రాయని పిల్లని చూస్తూ కూడా నాకు అనుమానం రాలేదంటే, అది నువ్వు చెప్పకపోవడం వల్ల కాదు. నేను నీ ఉత్తరాన్ని చూశాను గానీ పిల్లని చూడలేదు. ఇరవై ఐదు దాకా నాకు నిద్ర లేదు. దాని ఏడాది నా చేతిలోంచి జారిపోతే నేనిక ఏ తరగతిలోనూ నిలబడలేను.

నీ మేనకోడలు


మార్చి 19

తల్లీ,

హెడ్మాస్టరుకి నేనూ రాశాను. తప్పు నాదని రాసిచ్చేవాళ్ళు ఇద్దరుంటే ఆయన ఏం చేస్తాడో చూద్దాం.

కారణం చెబుతాను, సమర్థించుకోవడానికి కాదు. చెవి సంగతి తెలిస్తే వేరే బడికి పంపేస్తారని వాళ్ళమ్మ భయం. ఎవరికీ చెప్పొద్దనీ, ఎవరు పాఠం చెప్పినా దగ్గరికొచ్చి రెండుసార్లు చెప్పేలా మాత్రం చూడమనీ నా చెయ్యి పట్టుకుని అడిగింది. మాట నిలబెట్టుకున్నానన్న గొప్పలో పడి, ఎవరి కోసం ఇచ్చానో ఆ పిల్లనే నా నోటితో నిలబెట్టమన్నాను. జాబితాలో రాయమన్నాను. ఆ "రాయి" అన్న మాట నర్సమ్మ చేత రాయిస్తుంటే నాకు హాయిగా కూడా అనిపించింది, కోడలా. అది ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను.

ఇంకొకటి. నేను ఏడు నెలలు జగమొండి అని నిలబెట్టిన పిల్ల, నువ్వు రెండు వారాలు ముఖం చూసి మాట్లాడేసరికి గది పొడవు ఎలా కొలవాలో చెప్పింది. పొరపాటున జరిగిన మంచి అది. దాని దగ్గర కూడా నాకు అప్పుంది. లేచి నడిచాక తీర్చుకుంటాను.

వాళ్ళమ్మకి నిజం చెప్పాల్సింది నేను. కాలు కదలదు. నువ్వు చెప్పగలవా? ఆమె సిటీ బస్సులో కండక్టరు. ఏమన్నా పడు.

అత్త


మార్చి 29

అత్తా,

ముందు నీకు కావాల్సింది. ఆ పిల్ల పాసైంది. పక్క గది టీచరు కావాలనే గట్టి పాఠం ఎంచింది. చదవడం, లెక్కలు, చెప్పి రాయించడం, మూడూ గట్టెక్కింది. ఆఫీసు నుంచి జాబితా తెప్పించి, పేరు కొట్టేసి హెడ్మాస్టరు గారు పక్కన సంతకం పెట్టారు. ఆ కొట్టివేత చూడటానికి నన్ను లోపలికి పిలిచారు. నా సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ అడగలేదు.

వాళ్ళమ్మ దగ్గరికి పరీక్షకి ముందే వెళ్ళి ఉండాల్సింది. ధైర్యం చాలలేదు. రేపు రేపు అనుకుంటూ గడిపాను. చివరికి ఆ పిల్లే పంపింది.

పరీక్ష అయిన రోజు అందరూ వెళ్ళాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "నేను ముందు కూడా తప్పు చెయ్యలేదా?" అంది. లేదన్నాను. "మరి ఎందుకు నిలబెట్టారు?" అంది. నీకు వినబడదని నాకు తెలియదు, తప్పు నాదే అన్నాను. "అయితే అమ్మకి చెప్పండి. వినబడటం లేదని నేను చెబితే నమ్మలేదు. మీ టీచరుకి అన్నీ తెలుసు, దగ్గరికొచ్చి రెండుసార్లు చెబుతుంది, బద్ధకంతో అబద్ధాలాడుతున్నావని కొట్టింది" అంది.

నువ్వు మాటిచ్చావు గనక, పిల్లకి ఎలా చెప్పాలో నాకు చెప్పే ఉంటావనే ఆమె నమ్మకం, అత్తా. అంత గట్టిగా నమ్మింది నిన్ను.

నిన్న డిపో దగ్గర కాచుకుని ఆమె బస్సెక్కాను. టికెట్లు కొడుతూ నా దగ్గరికొచ్చింది. నేనెవరో చెప్పి, జరిగిందంతా చెప్పాను. మధ్యలో ఎవరో దిగాలంటే విజిల్ వేసింది, ఎవరో ఎక్కితే లెక్క చూసింది, మళ్ళీ నా వైపు తిరిగింది. నేను అన్నీ చెప్పేశాక మూడు స్టాపుల దాకా టికెట్లు కొడుతూనే ఉంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను. ఆ తర్వాత, "చీటీ వచ్చిన రోజు దాన్ని కొట్టాను. అప్పుడు కూడా నా నోటి వంకే చూసింది" అంది. ఇంకో స్టాపు దాటాక, "నా డ్యూటీ అయ్యేదాకా కూర్చోండి. ఇద్దరం వెళ్ళి చెబుదాం" అంది. ఆ రూటు చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చి, మళ్ళీ వెళ్ళాం. నేను కిటికీ పక్కన కూర్చున్నాను.

వాళ్ళది ఒకటే గది. ఆ పిల్ల గచ్చు మీద కూర్చుని పెన్సిళ్ళు చెక్కుకుంటోంది. వాళ్ళమ్మ సంచీ కూడా దించకుండా దాని ముందు కూర్చుంది. నేనూ కూర్చున్నాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాం గానీ, దాన్ని చూసేసరికి ఇద్దరం ఒక్కసారే మొదలుపెట్టాం. పిల్ల మా ఇద్దరి నోళ్ళ వంకా మార్చి మార్చి చూసి, చెయ్యెత్తి ఆపింది.

"ఒకరి తర్వాత ఒకరు చెప్పండి. కలిసి చెబితే నాకు తెలియదు" అంది.

ముందు వాళ్ళమ్మ చెప్పింది. తర్వాత నేను చెప్పాను.

నీ మేనకోడలు